బోధ కన్నా ముందు శ్రవణం

అర్ధరాత్రి హాస్టల్ గదిలో దుప్పటి ముసుగేసుకుని, వెలుతురు తగ్గించిన ఫోన్‌లో ‘నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలి’ అని వెతికే విద్యార్థిని మనం తేలిగ్గా తప్పుపడతాం. అసలు మనశ్శాంతి కోసం నెట్‌ను ఆశ్రయిస్తున్నది ఎవరు? పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పలేని పిల్లలు, ఉద్యోగం ఊడుతుందన్న భయాన్ని భార్యకు కూడా తెలియనివ్వని భర్తలు, అత్తింట్లో నోరు విప్పలేని కోడళ్లు. చెప్పుకుంటే చులకనైపోతామన్న జంకే వీళ్లందరిదీ. ‘నీకేం తక్కువైంది’, ‘మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా’ అన్న మాటలు ఇంట్లో విని విని ఉన్నారు. ఫోన్ ఆ మాటలు అనదు కాబట్టే అటు వెళ్తున్నారు.

కురుక్షేత్రంలో అర్జునుడికీ నోరెండింది, ఒళ్లు వణికింది, గాండీవం జారింది. భగవద్గీత మొదటి అధ్యాయం చివరిదాకా ఆయన గోడు వెళ్లబోసుకుంటుంటే కృష్ణుడు అడ్డురాలేదు. రెండో అధ్యాయం మొదట్లో రెండు శ్లోకాల్లో మందలించినా, అర్జునుడు ‘శిష్యుణ్ని, శరణు’ అన్నాకే 11వ శ్లోకం నుంచి బోధ మొదలుపెట్టాడు. నెట్‌లో మాత్రం అడగడం పూర్తికాకముందే జవాబులు వచ్చిపడతాయి. ఒక ప్రాణాయామం వీడియో, దాని కింద ఒక మంత్రం, మధ్యలో ప్రకటన. అడిగినవాడు అన్నం తిన్నాడో లేదో అక్కడ ఎవరికీ పట్టదు. మనసును నిలపడానికి ఆరో అధ్యాయంలో స్వామి చెప్పిన అభ్యాసం, వైరాగ్యం ఏళ్ల తరబడి సాగాల్సిన సాధన. నిమిషానికో వీడియో మార్చేవారికి అది అబ్బదు.

దూరదేశంలో ఒంటరిగా ఉన్నవారికి సత్సంగం నెట్‌లోనే కదా దొరికేది అంటారు. నిజమే, కాదనను. ఇక మన దేశంలో ఉన్నవారైతే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. గీత ఉండగా డాక్టరెందుకని అడ్డుపడేవారికీ ఒక మాట: మనోవ్యాధికి వైద్యం చేయించుకుంటే భక్తికి లోటేమీ రాదు. అయితే ఆ ఫోన్‌లోనైనా ఊరటనిచ్చేది అవతల ఓపిగ్గా వింటున్న మనిషే. నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. ప్రవచనాన్ని గంటలకొద్దీ కదలకుండా వినే మనం, కన్నబిడ్డ నోరు తెరవగానే మాట అందుకుని సలహా ఇచ్చేస్తున్నాం. సాక్షాత్తూ భగవంతుడే ఆగి విన్నప్పుడు మనకెందుకింత తొందర? ఈ వారం ఇంట్లో ముభావంగా ఉన్నవారి పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పేదంతా చెప్పనివ్వండి. సలహా అడిగితేనే ఇవ్వండి.