పాలు ఎరుగని పని

దూడను విడవనిదే ఆవు చేపదన్న సంగతి ముదినేపల్లి, కొల్లేటి పరిసరాల పాడిరైతులకు నిత్యానుభవమే అయినా, భారతీయ దర్శనాల్లో అది పెద్ద వివాదానికి దృష్టాంతమైంది. జడమైన ప్రకృతి పురుషుని (అంటే ఆత్మ) మోక్షం కోసం ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్నకు సాంఖ్య దార్శనికుడు ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారిక 57వ కారికలో పాలను చూపి, ఏమీ ఎరుగని పాలు దూడ పెరుగుదల కోసం స్రవించినట్లే ప్రకృతీ పనిచేస్తుందన్నాడు. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులు దీన్ని తోసిపుచ్చి, చేతన అయిన ఆవు వాత్సల్యం వల్ల, దూడ కుడవడం వల్ల పాలు వస్తాయన్నారు. పొదుగు దగ్గర కూర్చున్నవారికి శంకరుల మాటే ముందు నచ్చుతుంది.

పాల గురించిన ఈ పాత ప్రశ్న ఒక ప్రయోగంతో మళ్లీ ముందుకొస్తుంది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో కథరీనా స్వాన్‌బోర్గ్ బృందం, తల్లిపాలు సూక్ష్మజీవులను ఎలా అడ్డుకుంటాయో పరీక్షిస్తూ, ప్రయోగానికి వాడిన క్యాన్సర్ కణాలే చనిపోవడం గమనించి 1995లో ప్రకటించింది. కారణమైన పాల ప్రోటీన్ ఆల్ఫా-లాక్టాల్బుమిన్ 123 అమైనో ఆమ్లాల గొలుసు; కాల్షియాన్ని పట్టుకుని ముడుచుకున్న రూపంలో అది రొమ్ములో పాలచక్కెర తయారీకి తోడ్పడుతుంది. ఆమ్లం తగిలి కాల్షియం జారితే ఆ ముడుత కొంత సడలుతుంది, అప్పుడు ఓలియిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లంతో కలిసి, మామూలు కణాలను చాలావరకు విడిచిపెట్టి కణితి కణాలను చంపే సమ్మేళనం అవుతుంది. దాని పేరు హ్యామ్లెట్. మొండి పులిపిర్లపై చేసిన పరీక్షలో, 2004లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ మందు రాసిన 20 మందిలోనూ పులిపిర్ల పరిమాణం కనీసం నాలుగింట మూడు వంతులు తగ్గగా, ఉప్పునీరు రాసిన 20 మందిలో ముగ్గురికే అలా తగ్గింది. (పాలు తాగితే కణితి కరుగుతుందని దీనికి అర్థం కాదు.)

చంపే శక్తి మరి ఎక్కడ ఉన్నట్టు? కార్యం కారణంలో ముందే ఉంటుందనే సాంఖ్యుల సత్కార్యవాదానికి పాలలోని పెరుగు పాత ఉదాహరణే. కానీ ఇక్కడ ఒంటరి ప్రోటీన్ ఆ కణాలను చంపదు, పైగా చంపేది కొవ్వు ఆమ్లమే, ప్రోటీన్ దాన్ని మోసే బండి మాత్రమేనని వాదించే పరిశోధకులూ ఉన్నారు. ఆమ్లం, పాలకొవ్వు రెండూ శిశువు కడుపులో ఉంటాయి కనుక, దూడ పాత్రను గుర్తించిన శంకరుల మాటకు కొంత బలం వస్తుంది. అయితే తల్లి వాత్సల్యం పాలను చేపించగలదు గానీ కాల్షియాన్ని జార్చలేదు, అందుకు అన్నిటి లోపలా ఉండి నడిపే అంతర్యామిని పిలవవలసిందే, శంకరులు బృహదారణ్యక శ్రుతిని ఆశ్రయించి పిలిచారు కూడా. ఇరుపక్షాలూ ప్రశ్నించని విషయం ఒకటుంది: పాలు ఎవరి కోసమో స్రవిస్తాయన్నది. దూడ ఆకలితో పాలను అడుగుతుంది. కణితి లేని పసికందు మాత్రం ఈ శక్తిని అడగలేదు.