శిథిల చిమ్నీల సాక్షిగా

పరుల కష్టానికి దుఃఖించేటప్పుడు వారి తప్పులను కూడా లెక్కింపవలెనా? కార్న్‌వాల్ సముద్రతీరంలో, 1930లో మూతపడిన లెవాంట్ గనిని దర్శించిన నాడు కలిగిన ఈ సందేహాన్ని పాఠక మహాశయుల ముందుంచుతున్నాను.

కొండ అంచున ఒంటరిగా నిలిచిన ఆ చిమ్నీలను చూడగానే, మారిషస్ చెరకు తోటల నడుమ మిగిలిన పాత మిల్లుల చిమ్నీలు కన్నులకు కట్టాయి. అక్కడ నల్లరాయి, ఇక్కడ గ్రానైటు, అంతే భేదం. మన పెద్దలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను, కార్న్‌వాల్ గనుల సీమను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించినది కూడా ఒకే సంవత్సరంలో, 2006లో.

లెవాంట్ గనివారు ఆవిరియంత్రం కదిలించే పొడవైన కొయ్య దూలానికి అమర్చిన మెట్ల మీద నిలిచి దిగేవారు, ఎక్కేవారు. 1919 అక్టోబరు 20న దాని పైభాగపు ఇనుప బంధం విరిగి 31 మంది మరణించారు. ఆ యంత్రాన్ని తిరిగి అమర్చలేదు. గని అడుగు భాగాలను అలాగే విడిచిపెట్టారు.

“వీరూ మనవంటివారే” అనుకున్నాను. అంతలో కోలారు జ్ఞప్తికి వచ్చింది. 1880లో లండను నగరపు జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ అక్కడి బంగారు గనుల నిర్వహణ చేపట్టిన పిమ్మట, కార్న్‌వాల్ వారు నిపుణులుగా, పర్యవేక్షకులుగా వెళ్ళారు. వారి అదుపులో భూగర్భంలో శ్రమించినవారు తమిళులు, తెలుగువారు. 2001లో ఆ గనులూ మూతపడ్డాయి.

ఇక్కడి దీనుడే అక్కడ అధికారి! నా మనస్సు కఠినమైంది. కాని ఆ కాఠిన్యం ఎంతోసేపు నిలువలేదు. మా ముత్తాతగారు చెరకు తోటలో సర్దారు. తెల్లవారకముందే కూలీలను వరుసలో నిలిపి, రానివారి పేర్లు దొరకు చెప్పడం ఆయన పని. ఒకనాడు రాకపోతే రెండునాళ్ళ కూలి కోసే కాలమది. రామభజనం రాత్రి మా ఇంట ఆయన పేరునే ముందుగా స్మరిస్తాము. ఈ సంగతిని మాత్రం ఎవరమూ ఎత్తము.

కష్టం మనిషిని ఉత్తముణ్ణి చేస్తుందన్న మాటను నేను విశ్వసింపను. పొట్టకూటికై చేసినదంతా క్షమార్హమనీ అనలేను. అయినా ఆ 31 మంది కోలారు వెళ్ళినవారు కారు. వెళ్ళినవారి దోషాన్ని వీరి తలపై మోపడం ఏ న్యాయం?

తిరుగు రైలులో మా అబ్బాయి ముత్తాతగారి సంగతులు అడిగాడు. ఈసారి కూలి కోతల సంగతి కూడా చెప్పాను. వాడు చాలాసేపు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.