గొట్టాలు నాలుగే ఎందుకుండాలి?

లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న బాటర్‌సీ పవర్‌స్టేషన్‌ని పింక్ ఫ్లాయిడ్ ‘యానిమల్స్’ ఆల్బమ్ అట్ట మీద చూసే ఉంటారు. నాలుగు మూలలా నాలుగు తెల్లటి పొగగొట్టాలు. 1983లో అక్కడ కరెంటు తయారీ ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పైకప్పు లేకుండా పడివుంది. ఇప్పుడందులో ఖరీదైన ఫ్లాట్లు, షాపులు, పాత కంట్రోల్ రూముల్లో ఒకదాంట్లో బార్.

నన్ను తొలిచేది ఆ గొట్టాల సంగతే. కాంక్రీటు పాడైందని నాలుగింటినీ కూల్చి, అచ్చం అలాగే మళ్ళీ కట్టారు. అంటే ఇప్పుడు కనిపించేవి పాతవి కావు. దాంతో నాకు పేచీ లేదు. ఊరికి ఆ ఆకారం కావాలి, తెచ్చుకుంది.

కానీ 2017లో, ఆ ప్రాజెక్టులో కడతామన్న 636 తక్కువ ధర ఇళ్ళను 386కి తగ్గించడానికి స్థానిక కౌన్సిల్ ఒప్పుకుంది. ఖర్చులు పెరిగాయట. మరి గొట్టాలకి ఖర్చవలేదా? మూడే కడతామని ఎవరైనా అడగగలిగేవారా? ఒక గొట్టం లేకపోతే లండన్ మొత్తానికీ తెలుస్తుంది. ఆ 250 ఇళ్ళలోకి రావాల్సినవాళ్ళు ఎవరో వాళ్ళకే తెలీదు.

డబ్బున్నవాళ్ళు కొనకపోతే శిథిలమే మిగిలేది కదా, అంటారు. కాదనలేను. ఇటుకల దగ్గర మాత్రం బేరం లేదని అంత గట్టిగా చెప్పగలిగినవాళ్ళకి, ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి నోరెందుకు పెగల్లేదన్నదే నాకు అర్థం కానిది.