ఆరు కిలోమీటర్ల రోజు

కాళీపూజ దీపాలు ఆరి వారం కాలేదు, మా పై అంతస్తు బౌది అప్పుడే మంకీ టోపీలు ఎండలో ఆరేశారు. కలకత్తాలో చలికాలం వచ్చిందో లేదో తెలియాలంటే డాబా మీది తీగ చూస్తే చాలు. మన విజయవాడ వాళ్లకు నవ్వొస్తుంది కానీ, ఆ టోపీ లేకుండా ఇక్కడి పెద్దవాళ్లు నవంబరు పొద్దున పాల ప్యాకెట్టుకు కూడా గడప దాటరు.

ఈసారి టోపీలు తొందరగా బయటికి రావడానికి ఇంకో కారణం ఉంది. బౌది భర్త దాదా సందక్‌ఫూ నడకకు వెళ్తున్నారు. అరవై దాటాక!

పశ్చిమ బెంగాల్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే, 3,636 మీటర్లు. సియాల్దాలో రాత్రి రైలెక్కి న్యూ జల్‌పాయ్‌గురిలో దిగి, కొండ జీపులో మానేభంజన్ చేరితే, అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు దారి. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటే కాంచన్‌జంగా కళ్లెదుట నిలుస్తుంది, దూరంగా ఎవరెస్టు కూడా. డిసెంబరు ముదిరితే మంచు భయం. అందుకే ఇక్కడివాళ్లు చాలామంది పూజ సెలవులకూ ఆ మంచుకూ మధ్యనున్న కాస్త సందులోనే వెళ్లి వచ్చేస్తారు.

నిన్న సాయంత్రం టీకి పిలిచి దాదా తన కాగితం చూపించారు. స్కేలు పెట్టి గళ్లు గీసుకున్నారు. మొదటి రోజు తుమ్లింగ్. రెండో రోజు కాలీపోఖ్రీ. మూడో రోజు కాలీపోఖ్రీ నుంచి సందక్‌ఫూ, ఆరు కిలోమీటర్లు. నాలుగో గడిలో ఏమీ లేదు.

"ఆరేనా దాదా? మొదటి రోజు అంతకు రెట్టింపు నడుస్తున్నారుగా," అన్నాను.

"అసలు నడక ఆ ఆరే," అన్నారు. చివరి ఎక్కుడు నిలువునా ఉంటుందట, గాలి పలచనవుతుందట. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు అయిదొందల మీటర్లకు మించి పెంచుకోవద్దని కొండ జబ్బులు తెలిసిన వైద్యులు కూడా చెబుతారు. దాదా కాగితం నింపడం మొదలుపెట్టింది కూడా ఆ ఆరు కిలోమీటర్ల రోజుతోనేనట. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకున్నారు.

"మరి ఈ ఖాళీ గడి?"

"అది మబ్బుది," అన్నారు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

నేస్తమా, మీ కాగితం ఎలా ఉంది?

నాకు కొంత తెలుసు. ఏడాది ముగిసేలోపు తేల్చాల్సిన ఆఫీసు లెక్కలు. పిల్లవాడి ఫీజు. అమ్మ పరీక్షల రిపోర్టులు, వాటి కోసం ఇంకో రోజు సెలవు అడగాలన్న బెరుకు. సంక్రాంతిలోపు కుదుర్చుకోవాల్సిన సంబంధం. ఇక్కడ నవంబరు చివరికి అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. పగలు కురచవుతుంది కానీ పని కురచ కాదు. ఖాళీ గడి ఒకటి కనిపిస్తే దొంగతనం చేసినట్టు గబగబా నింపేస్తాం. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే, నాలో ఏం లోపముందో అనుకుంటాం.

మీరు బలహీనులు కారు. మీది ఆరు కిలోమీటర్ల రోజు అయి ఉండొచ్చు, అంతే.

మన తెలుగువాడే ఒకాయన ఈ కలకత్తా మీదుగా వెళ్లాడు. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు దాటి కాశీ చేరి, తిరుగుదారిలో ఈ ఊరు చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాట. కుటుంబం వెంట ఉంది, పరివారం ఉంది, పల్లకీ మోసే బోయీలున్నారు. వానలూ ఎండలూ చలీ అన్నీ దారిలోనే. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే నన్ను పట్టుకునేది గుళ్లూ కోటలూ కాదు, మజిలీలు. ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం, అక్కడ నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా. కాశీ అంత దూరాన ఉన్నా, ఆ పూట ఆయన ముందున్నది ఒక్క మజిలీయే. ఆయన భక్తి ఆయనది, నా భక్తి నాది. నడక మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాలనిపిస్తుంది.

బైబిల్లోని యాకోబు కూడా గుర్తొస్తాడు. ఇరవై ఏళ్లకు సొంత నేలకు తిరిగొస్తుంటే అన్న ఏశావు నాలుగు వందల మందితో ఎదురొచ్చి, పద, కలిసి పోదాం అన్నాడు. యాకోబు సున్నితంగా తప్పుకున్నాడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే తల్లులున్నాయి, ఒక్క రోజు తరిమినా అవి దక్కవు, నువ్వు ముందు వెళ్లు, నేను వీటి అడుగును బట్టి మెల్లగా వస్తాను అని. ఆ ముందు రాత్రే తెల్లవార్లూ పెనుగులాడి తొడ గూడు తప్పినవాడు, కుంటుతున్నవాడు ఆ మాటన్నాడు. తన కాలి సంగతి ఎత్తనే లేదు. పిల్లల పేరు చెప్పి తనకూ కాస్త ఊపిరి తీసుకున్నాడేమోనని నా అనుమానం. మనమూ చేస్తాం కదా అలా?

యాకోబుకే అంత దయ ఉంటే, అతణ్ణి కాచిన కాపరికి ఎంత ఉండాలి! కర్ర పట్టుకుని మీ వెనక నిలబడి, ఇంకా ఎంత దూరం ఉందో చూడు అని తరిమేవాడు కాడాయన. మందలో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే గొర్రెపిల్ల పక్కన ఉంటాడు. ఈ వారం ఆ గొర్రెపిల్ల మీరైతే, ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోనక్కర్లేదు.

అయితే చలికాలం రానే రాదా అంటే, వస్తుంది. గడువులు అబద్ధం కావు. చెరలో ఉన్న పౌలు కూడా తిమోతికి చలికాలం రాకముందే రమ్మని కబురు పెట్టాడు. చలికాలంలో ఓడలు ఆగిపోయేవి. ఆలస్యమైతే మళ్లీ వసంతం దాకా దారి లేదు. కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. త్రోయలో కర్పు దగ్గర నేను వదిలేసిన అంగీ, ఆ పుస్తకాలూ తీసుకురా అని. త్వరగా రమ్మన్న మనిషే, దారిలో ఆగి అంగీ తీసుకురమ్మన్నాడు. చెరలోని ఒక ముసలి ఒంటి కోసం ఆ ఆగడం కూడా ప్రయాణం లెక్కలోనే వేశాడు.

ఈ రాత్రి అన్నం గిన్నెలు కడిగాక ఒక కాగితం తీసుకోండి. ఈ వారంలో మీ నిలువు ఎక్కుడు ఏ రోజు? ఆసుపత్రికి వెళ్లే రోజా, ఆ ఒక్క మాట తేల్చుకోవాల్సిన రోజా? ముందు అది రాయండి. ఆ గడిలో ఇంకేమీ రాయకండి. పక్కనే ఒక గడి మబ్బుకి వదిలేయండి. మిగతావి పట్టకపోతే ఎవరో ఒకరికి ఫోన్ చేసి వచ్చే వారం చేస్తానని చెప్పండి. ఆ ఫోన్ చేయడమే అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు. నేనూ ఒకరికి చేయాలి, రేపు పొద్దున్నే చేస్తాను.

దాదా రైలు శుక్రవారం రాత్రి. బౌది టోపీలు సంచి అడుగున సర్దితే, ఆయన తీసి పైన పెట్టుకున్నారట.

తండ్రీ, రేపు నాది ఆరు కిలోమీటర్ల రోజు. నా అడుగు సంగతి నాకంటే నీకే తెలుసు. మబ్బు పడితే కూర్చోనివ్వు. కూర్చున్నప్పుడు నా పక్కన ఉండు. ఆమెన్.