పూలు చల్లిన చేతులు



ఫ్రిట్జ్ లాంగ్ 1936లో తీసిన 'ఫ్యూరీ' అనే అమెరికా చిత్రంలో జో విల్సన్ ఒక నిర్దోషి. ఒక అపహరణ కేసులో, జేబులో వేరుశనగపప్పు ఉన్న పాపానికి అతణ్ణి అనుమానించి జైల్లో పెడతారు. పుకారు నోటినోటా పెరిగి, జనం వచ్చి జైలుకు నిప్పుపెడతారు. జో ఎలాగో తప్పించుకుంటాడు గాని, చనిపోయాడనే అందరూ నమ్ముతారు. ఇరవైరెండు మందిపై హత్యానేరం విచారణ జరుగుతుంటే, అతడు దాక్కుని రేడియోలో వింటూ వాళ్ళ చావుకోసం ఎదురుచూస్తాడు.

గుంపును అసహ్యించుకోవడం తేలిక. కష్టమంతా ఈ రెండో సగంలోనే ఉంది. అన్యాయానికి గురైనవాడు న్యాయస్థానాన్నే ఉరితాడుగా వాడుకుంటున్నాడు. మనమూ అతని పక్షానే కూర్చుని ఉంటాం!

ఇదెక్కడి గొడవ అనుకోకండి. మన చేవెళ్ల, మొయినాబాదులున్న ఈ రంగారెడ్డి జిల్లాలోనే, 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. పోలీసులు ఆమెకు 'దిశ' అని పేరు పెట్టారు. 30న షాద్‌నగర్ స్టేషను ముందు వేలమంది చేరి నిందితులను తమకప్పగించమన్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురూ అదే చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు.

"కోర్టులకు వదిలేస్తే ఏళ్ళు పడుతుంది ఫాదర్" అంటారు. నిజమే. 2012 డిసెంబరులో జరిగిన ఢిల్లీ నిర్భయ ఘోరానికి ఉరి అమలైంది 2020 మార్చిలో. ఆ తల్లిదండ్రులకు ఓపిక పట్టమని చెప్పే నోరు నాకు లేదు.

పునీత అక్వినాసు తోమాసుగారు ప్రతీకారాన్ని పూర్తిగా కాదనలేదు. శిక్షించేవాని మనసు దేన్ని కోరుతోందో చూడమన్నారు. దోషి దిద్దుబాటునూ, పదిమంది శాంతినీ, న్యాయాన్నీ కోరితే సమ్మతమే. అతని బాధ దగ్గరే ఆగి అందులో ఆనందిస్తే, అతడు దానికి అర్హుడైనా సరే, అది పాపం. ఆ పూలు చల్లిన చేతులు దేన్ని కోరాయి?

ఆయుధాలు లాక్కుని దాడిచేస్తే కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ దాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ 2022 మేలో బయటికొచ్చిన నివేదికలో ఉంది. సరే, అదలా ఉంచండి. ఆ డాక్టరమ్మకు జరిగినదాన్ని సాక్ష్యాలతో విని, ఇదిగో నేరం, వీరే దోషులు అని చెప్పే అవకాశం ఏ న్యాయమూర్తికీ దక్కలేదు. నిందితులతోపాటు ఆమె వ్యాజ్యమూ చచ్చిపోయింది. ఈ నష్టం గురించి ఆనాడు మాట్లాడినవారు తక్కువ.

స్తెఫానుగారిని రాళ్ళతో కొడుతున్నప్పుడు సౌలు ఒక్క రాయి విసిరినట్టు లేఖనం చెప్పదు. బట్టలకు కాపలా కాశాడు, ఆ చావుకు సమ్మతించాడు. టీవీ ముందు చప్పట్లు కొట్టిన మనం కూడా రాయి విసరలేదు లెండి.

ఇక జో సంగతి. తీర్పు చదువుతుండగా అతడు కోర్టులోకి నడిచి వస్తాడు. వాళ్ళను రక్షించడానికి రాలేదని మొహం మీదే చెబుతాడు. న్యాయం మీదా తన దేశం మీదా తనకున్న నమ్మకం ఆ రాత్రి మంటల్లో కాలిపోయిందంటాడు. క్షమించానని మాత్రం అనడు.