తన పెట్టె, తన తాళము

తన సొత్తును తాను తీసుకొనుట దొంగతనము కాదు. ఇందులో సందేహమునకు తావు లేదు. కాని తాళపుచెవి పోయిన పెట్టెను తెరిపించునప్పుడు, లోపల నున్నదంతయు తనదేనా యని యోచించువారు అరుదు.

సోలాపురములో సాఖర్ పేట, అశోక్ చౌక్ వైపు మన తెలుగు నేతవారి మగ్గముల చప్పుడు తరతరములుగా వినవచ్చుచున్నది. పూర్వము చద్దరు డిజైను జెకార్డు అట్టలమీద రంధ్రములుగా నుండెడిది. నేడు డిజైనులు, నూలు లెక్కలు, కూలి ఖాతాలు కంప్యూటరులో ఒక్క మూటగా కట్టి, పాస్‌వర్డు అను రహస్యపు మాటతో తాళము వేయుచున్నారు. దానిని జిప్ ఫైలు అందురు. తాళము వేసిన గుమాస్తా ఊరు విడుచును, లేదా ఇంటి పెద్ద కాలము చేయును. మూట మిగులును, మాట పోవును.

అట్టి సమయమున మొదట చేయవలసినది వెదకుట. అదే ఫైలు తాళము లేకుండ డిజైను గీసినవాని వద్దనో, పాత ఈమెయిలులోనో ఉండవచ్చును. పిదప జ్ఞాపకమును తరచిచూడవలెను. ఆంగ్లములో ఆరు చిన్న అక్షరముల మాటకు సుమారు 30.9 కోట్ల రూపములు కలవు; పన్నెండక్షరములకు సుమారు 954 కోట్ల కోట్లు. అయితే రెండక్షరములు తప్ప తక్కినవి గుర్తున్నచో పరీక్షింపవలసినవి 676 మాత్రమే! పాత పద్ధతి జిప్ తాళములో లోపమున్నదని బిహాం, కోచర్ అను పండితులు 1994లో చూపిరి. లోపలి దానిలో కొంత భాగము విడిగా మన చేత నున్నచో, దాని ఆధారమున తాళము తీయవచ్చును. తరువాత వచ్చిన ఏ.ఇ.ఎస్. తాళమునకు ఈ ఉపాయము పనికిరాదు.

ఇక ధర్మము మాట. తాళమునకు యజమాని యెవరో తెలియదు. తన పెట్టెను తెరచు పనిముట్టే పరుల పెట్టెనూ తెరచును. కనుక తెరచువాడు “ఇది మీదేనా?” అని అడుగుట మర్యాదకు లోపము కాదు; రుజువు చూపుట మన విధి. మరియు ఆ మూటలో నేతగాని అప్పు, అతని ఆధార్ కాగితము, వేరొక వర్తకుడు నమ్మి ఇచ్చిన డిజైను ఉండును. అవి మన సొత్తు కావు, మనవద్ద నున్న నిక్షేపములు. తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి న్యాసాపహారమును సత్యవ్రతమునకు కలుగు దోషములలో చేర్చెను. ముక్కుమొగము తెలియని వానికి ఆ మూటను పంపి తెరిపించుట ఆ దోషమునకు దగ్గరి చుట్టమే.

అట్లని మూసియుంచుటయే ధర్మమా? మూడబిదిరెలో ధవళ గ్రంథపు తాటాకులు శతాబ్దములు భద్రముగా నుండెను, కాని చదువువారికి అందలేదు. వాటికి నకలు తీయించుటకు మన సోలాపురపు హీరాచంద్ నేమచంద్, ముంబయి మాణికచంద్ శేఠ్‌లు పాటుపడిరి. తుదకు ఒక నకలు రహస్యముగా బయటికి వచ్చెను; హీరాలాల్ జైన్ సంపాదకత్వమున మొదటి సంపుటము 1939లో అచ్చయ్యెను. కాపాడినవారు లేనిచో గ్రంథమే లేదు. బయటికి తెచ్చినవారు లేనిచో పాఠకుడు లేడు. అయినను సమ్మతితో జరుగవలసిన పని చాటుగా జరిగినదను కొరత మిగిలినది.

కావున ప్రతి దుకాణదారుడు పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఇనుప పెట్టెలో నుంచవలెను. నమ్మకమైన మరియొకరికి ఆ సంగతి చెప్పవలెను. వారసునికి సొత్తుతోపాటు తాళపుచెవిని, అందులో పరుల నిక్షేపము ఎంత యున్నదో ఆ లెక్కను కూడ అప్పగించిననే అప్పగింత పూర్తియగును.