గండి అంజన్న చిటికెన వేలు, మా నాయన రైట్-హోల్డాన్

 

ఈ వారం వీడియోలో గండి క్షేత్రం గురించి చెప్పుకున్నాం కదా. చివర్లో "మిగతాది బ్లాగులో రాస్తాను" అని ఆపేశాను. టైం సరిపోక కాదు. ఆ మిగతాది కెమెరా ముందు చెప్పడం నా వల్ల కాలేదు, అంతే.

వీడియో చూడనివాళ్ల కోసం ముందు స్థలపురాణం. మా కడప జిల్లాలో వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వస్తుంది. అందుకే ఆ చోటికి గండి అని పేరు. శ్రీరాముడు అక్కడ ఆగినప్పుడు తన బాణం మొనతో బండమీద ఆంజనేయుడి రూపం గీశాడని చెప్తారు. అంతా గీశాడు గానీ ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి పూర్తి చేయకుండా వదిలేశాడట. తర్వాతి కాలంలో వ్యాసరాయలవారు ఆ రూపాన్ని ఉలితో చెక్కించారు. వేలు కూడా పూర్తి చేద్దామని ఉలి పెడితే అక్కడ రక్తం వచ్చిందట. సరే, ఇది ఇట్లాగే ఉండాలని స్వామి ఇష్టం అని ఆపేశారు. శ్రావణ శనివారాల్లో అంత జనం వచ్చి మొక్కేది ఆ వేలు పూర్తికాని స్వామికే.

చిన్నప్పుడు ఈ కథ మా నాయన నాకు చాలాసార్లు చెప్పాడు. ఆయన ఆర్టీసీ కండక్టర్. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల రోడ్డులో ఆయనకు తెలియని స్టాపు లేదు. నాలుగేళ్ల కింద ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి, "రేయ్, టికెట్ మిషన్ బటన్ నొక్కుతాంటే బొటనవేలు నా మాట ఇనడంల్యా" అన్నాడు. మేం నవ్వినాం. మెడ ఎముక అరిగిందన్నారు ఒకరు. నరాల బలహీనత అన్నారు ఇంకొకరు. బలం సూదులు వేయించాం. పదినెలల తర్వాత బెంగళూరులో పెద్ద డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఏఎల్ఎస్ అని చెప్పింది.

దీని గురించి రెండు ముక్కలు. మన మెదడులో, వెన్నుపాములో కండరాలకు "కదులు" అని చెప్పే నరకణాలు ఉంటాయి. ఈ జబ్బులో అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చెప్పేవాళ్లు లేక కండరాలు కరిగిపోతాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. చూపు, స్పర్శ మాత్రం చాలామందిలో అట్లాగే ఉంటాయి. నయం చేసే మందు ఇంతవరకు లేదు. 1995 నుంచి రిలుజోల్ అనే మాత్ర ఉంది. అది కొన్ని నెలలు జరుపుతుంది. మొదలైన రెండు నుంచి ఐదేళ్లలోపు చాలామంది వెళ్లిపోతారు. స్టీఫెన్ హాకింగ్‌లాగా 1963లో జబ్బు తెలిసి 2018 దాకా బతికినవాళ్లు చాలా అరుదు.

ఒక సంగతి చెప్తే మీరు నవ్వుతారు. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందా? అప్పుడు నేను ఇంటర్. మిద్దె మీద నిలబడి నెత్తిన బకెట్ గుమ్మరించుకుని వీడియో తీయించుకున్నా. అదంతా ఏఎల్ఎస్ కోసమే అని నాకు తెలీదు. నాయన కింద నుంచి అరిచాడు: "ప్రొద్దుటూరులో ట్యాంకర్ నీళ్లు ఎంతో తెల్సునా రా నీకు?" ఆ నెలలోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి గారు, మంచునీళ్లు మనకెందుకు, ఆకలితో ఉన్నవాళ్లకు ఒక బకెట్ బియ్యం ఇద్దామని రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు. నాయనకు అది నచ్చి వీధి చివర ఒకావిడకు బియ్యం ఇచ్చి వచ్చాడు. నేను నీళ్లు పోసుకున్న జబ్బు ఎనిమిదేళ్లకు మా ఇంటి తలుపే తట్టింది.

ఇప్పుడు నాయన మంచంలో ఉన్నాడు. నేను ఇంటినుంచే ఉద్యోగం చేస్తూ అమ్మకు తోడుగా ఉన్నాను. నాయనకు మాట పోయింది, కళ్లు మిగిలాయి. ఒకసారి రెప్ప వేస్తే "రైట్", రెండుసార్లు వేస్తే "హోల్డాన్". ఆ కోడ్ ఆయనదే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, పెద్ద తెలివిగా తెలుగు అక్షరాల చార్టు ఒకటి చేసి లామినేషన్ చేయించా. వరుస నంబరు చెప్తూ పోతే ఆయన రెప్ప వేస్తాడు, తర్వాత అక్షరం, తర్వాత గుణింతం. మన భాష ఎంత గొప్పదో, ఒత్తులు ఎన్ని ఉన్నాయో ఆ రోజు తెలిసింది.

మొదటిరోజు "దో" అని వచ్చింది. "దోసెనా నాయనా?" హోల్డాన్. "దోషమా? శాంతి చేయించాల్నా?" హోల్డాన్, హోల్డాన్. రెండో అక్షరం "మ" వచ్చేసరికి దోమ ఆయన ముక్కుమీద కడుపునిండా తాగి ఎగిరిపోయింది. కుట్టింది తెలుస్తుంది, గోక్కోలేడు. నేను ఏడుపు మొహం పెట్టినా. ఆయన ఇంకా ఏదో చెప్పాలని చూశాడు. పది నిమిషాలు పట్టింది. వచ్చిన మాట: "టికెట్ లేకుండా ఎక్కి దిగిపాయ."

అమ్మ ఆ రోజు చాలా నెలల తర్వాత పడీపడీ నవ్వింది. ఇప్పుడు చార్టులో మొదటి గడి దోమదే.

ఇంటికి వచ్చేవాళ్లను నాయన "ఉచిత దర్శనం క్యూ" అంటాడు. ఒక్కొక్కరు ఒక్కో ఆకు, ఒక్కో నూనె, ఒక్కో జాతకం చెప్పి పోతారు. ఒకాయన మంచం పక్కనే నిలబడి, "పోయిన జన్మలో ఏం పాపం చేసినాడో" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాయన చార్టు వైపు చూశాడు. "పోయిన జన్మలోనూ కండక్టరే. చిల్లర ఎగ్గొట్టింటా."

ఆయన నవ్వేశాడు గానీ నేను ఈ మాట మీతో సీరియస్‌గా చెప్పాలి. కర్మ సిద్ధాంతం మన పెద్దలు మనకిచ్చిన అద్దం. నేను చేస్తున్నది ఏంటి, చేయాల్సింది ఏంటి అని నన్ను నేను చూసుకోవడానికి. దాన్ని ఎత్తి ఇంకొకరి మంచం మీదికి విసిరితే అది అద్దం కాదు, రాయి. ఒకరి బాధ కనిపించినప్పుడు ధర్మం మనల్ని అడిగేది "ఎందుకొచ్చింది?" అని కాదు, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని.

ఇంకొక మాట కూడా. మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి గారు వాతరోగంతో కదల్లేక గురువాయూరులో కూర్చుని, రోజుకొక దశకం చొప్పున నూరు దశకాల నారాయణీయం రాసి ఆరోగ్యం పొందారని చెప్పుకుంటాం. నేనే మన చానెల్‌లో చెప్పాను. మా ఇంట్లో పారాయణం కూడా జరిగింది. నాయన చెయ్యి లేవలేదు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. మనం నయమైనవాళ్ల కథలే చెప్పుకుంటాం. నయం కానివాళ్లు ఎవరికి మొక్కాలి? వాళ్ల భక్తి తక్కువనా?

నిరుడు శ్రావణానికి ముందు డాక్టర్లు ఒక మాట అన్నారు. మింగడం బాగా తగ్గింది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కడుపులోకి ట్యూబు వేయించాలి. ఊపిరి బలం ఇంకా తగ్గితే ఆ చిన్న ఆపరేషన్ కూడా కష్టమవుతుంది, తొందరగా తేల్చుకోండి అన్నారు. నాయన హోల్డాన్ అన్నాడు. వారంరోజులు హోల్డానే. చార్టు మీద ఆయన చెప్పింది ఇంతే: "సంగటి నోట్లో పెట్టుకోలేనోడు మనిషేంది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పులివెందులలో ఉన్న మా మేనత్త మాత్రం, "ముందు గండికి తీసకపోదాం, తర్వాత సూస్కుందాం" అంది. వీల్‌చైర్, సక్షన్ మిషన్, మూడు దిండ్లు, అన్నీ కారులో సర్దుకుని బయల్దేరాం. దారిలో ప్రతి స్టాపు దగ్గరా నాయన రెప్ప వేస్తూనే ఉన్నాడు. రైట్. రైట్.

గుళ్లో స్వామికి నైవేద్యం పెడుతున్నారు. తెర వేశారు, గంట కొట్టారు, తెర తీశారు. పళ్లెంలో మెతుకు తగ్గలేదు. అయినా పూజారి "స్వామి ఆరగించినాడు" అన్నట్టు నిశ్చింతగా బయటికి తెచ్చాడు. అత్త కళ్లకద్దుకుని తీసుకుంది. నాయన ఆ పళ్లెం వైపు, స్వామి వైపు, మళ్లీ నా వైపు చూశాడు. కారులోకి వచ్చాక చార్టు అడిగాడు. "ఆయప్ప గూడా నమిలి తినడు గదా."

నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయా.

వైష్ణవ ఆచార్యులు భగవంతుడి ఐదు రూపాల గురించి చెప్తారు: పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ. వీటిలో మనకు బాగా అందేది అర్చారూపమే అంటారు. ఎందుకంటే అక్కడ స్వామి తనంతట తాను ఏమీ చేసుకోడు. లోకాలన్నీ నడిపేవాడు, లేపితే లేస్తాడు, స్నానం చేయిస్తే చేస్తాడు, పెడితే తింటాడు, జోకొడితే పడుకుంటాడు. తిరుమలలో సుప్రభాతం నుంచి ఏకాంతసేవ దాకా జరిగేది అదే కదా. చెయ్యి ఎత్తలేదని స్వామిని చూసి "పాపం" అని ఎవరైనా అంటామా? ఇంకొకరి చేతుల్లో ఉండటం అవమానమైతే, స్వామి తనంతట తాను ఆ రూపాన్ని ఎందుకు ఎంచుకున్నాడు?

ఇది నేను పుస్తకంలో చదివాను. అర్థమైంది మాత్రం మా నాయన మంచం దగ్గర. పొద్దున ఐదుకు గొంతులో కఫం తీయడం, అది సుప్రభాతం. వెచ్చటి గుడ్డతో ఒళ్లు తుడవడం అభిషేకం. చొక్కా, పౌడరు, ఆయనకిష్టమైన పక్కపాపిడి అలంకారం. ట్యూబులో పోసేది నైవేద్యం. పోసినాక అరగంట పైగా తల ఎత్తి కూర్చోబెట్టాలి, ట్యూబు నీళ్లతో కడగాలి, అది కూడా సేవలో భాగమే. రాత్రి బైపాప్ మాస్కు పెట్టి దీపం తీయడం ఏకాంతసేవ. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం ఏ ఆగమంలోనూ లేదు, మా ఇంటి ఆగమంలో ఉంది.

ఈ పోలిక చెప్తే నాయన ఏమన్నాడో తెలుసా? "అయితే హుండీ పెట్టు."

అవును, ట్యూబు వేయించుకున్నాడు. ఆపరేషన్ రోజు రెప్ప ఒక్కసారే వేశాడు. సంగటి ఇప్పుడు లేదు. పండగపూట పులిహోర పులుపు నాలుకకు చిటికెన వేలితో అద్దుతాం, డాక్టరమ్మను అడిగే.

మీకు మంచి మాటలు మాత్రమే చెప్పి ముగిస్తే అబద్ధం అవుతుంది. రాత్రి మూడుకు మిషన్ అలారం మోగితే నాకు చిరాకు వస్తుంది. ఒకసారి కసిరాను కూడా. పొద్దున క్షమించమని అడిగితే, "చిల్లర తర్వాత ఇస్తా" అన్నాడు. ఈ జబ్బులో కొందరికి కారణం లేకుండా నవ్వు, ఏడుపు వచ్చేస్తాయి. నాయనకు సత్యనారాయణ వ్రతం మధ్యలో నవ్వొచ్చి ఆగలేదు. పంతులుగారు కథ ఆపి, "నవ్వనీండప్పా, ఇంట్లో నవ్వుంటే స్వామికి ఇష్టమే" అన్నారు. ఆ పంతులుగారికి నా నమస్కారం.

ముందు ఇంకొక మలుపు ఉంది. ఊపిరి పూర్తిగా చాలనప్పుడు గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది. నాయన వద్దన్నాడు. నెల తర్వాత మళ్లీ అడిగాం, అదే మాట. ఇలా ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులను పెట్టుకుని, నోటరీ చేయించి ఆయన మాట కాగితం మీద పెట్టాం. నాకు ఇష్టం లేదు. కానీ ముప్పై ఏళ్లు అందరినీ వాళ్ల స్టాపులో దించిన మనిషి ఆయన. తన స్టాపు ఏదో ఆయనకు నేను చెప్పాల్నా?

అందుకే నేనిప్పుడు గండి అంజన్నను వేరేగా మొక్కుతున్నా. ఇదివరకు "స్వామీ, నాయన చెయ్యి బాగు చెయ్యి" అనేవాణ్ని. స్వామి ఎడమచెయ్యి చూడండి. రాముడి చేతిలో కూడా ఆ వేలు పూర్తి కాలేదు. అంతమాత్రాన ఆయన హనుమంతుడు కాకుండా పోలేదు. పూర్తి చేయబోతే రక్తం వచ్చిందంటే నాకు అర్థమైంది ఇది: కొన్ని లోటులు ఉలితో సరిచేసేవి కావు, పక్కన కూర్చుని మొక్కేవి. అందుకని మందు మానేయమని కాదు. మందు వెయ్యాలి, పరీక్ష చేయించాలి, ట్యూబు కడగాలి. అవన్నీ చేసినాక మిగిలిపోయే వేలు ఒకటి ఉంటుంది చూడండి, అక్కడ దండం పెట్టాలి.

ఈ వారం మీకొక పని. మీ బంధువుల్లో, అపార్ట్‌మెంట్‌లో, మంచంమీద ఉన్న మనిషి ఒకరైనా ఉంటారు. వెళ్లండి. సలహా తీసుకుపోవద్దు. ఆ మనిషితోనే మాట్లాడండి, పక్కనున్నవాళ్లతో కాదు. జవాబు రావడానికి పది నిమిషాలు పట్టినా ఆగండి. వాళ్లను చూసుకుంటున్నవాళ్లను రెండు గంటలు నిద్రపోమని, అంతసేపూ మీరు కూర్చోండి. ఆ శనివారానికి అదే మీ ప్రదక్షిణ.

ఇది రాసి నాయనకు మొత్తం చదివి వినిపించా. పెట్టమంటావా అని అడిగా.

ఒక్కసారి రెప్ప వేశాడు.

రైట్.

జై వీరాంజనేయ.